తుమ్ముల కాలం

మా బడికీ పక్కనున్న మిరప కల్లానికీ మధ్య మోకాలెత్తు కంప కంచె తప్ప అడ్డం లేదు. జనవరిలో కాయ కోసి తెచ్చి ఆ కల్లంలో ఎండబోస్తే, ఏప్రిల్ దాకా ఆ ఊళ్ళో తుమ్మనివాళ్ళు లేరు. పిల్లలు తుమ్ముతారు, హెడ్మాస్టారు తుమ్ముతారు, బడి ముందు కట్టేసిన గేదె కూడా తుమ్ముతుంది. ఎవరూ పట్టించుకోరు. ఎనభైల నాటి ఆ ఏడాది మాత్రం ఒక్కో తుమ్ముకూ నా పై ప్రాణాలు పైనే పోయేవి. అప్పటికి నాకు కాన్పయి మూడు నెలలు దాటింది. తుమ్మితే చాలు, నా చేతుల్లో లేకుండా చీర తడిసిపోయేది.

ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ రోజుల్లో నాలో నేను అనుకోవడానికి కూడా దానికి పేరు లేదు. జ్వరమైతే జ్వరమంటాం, నడుం నొప్పి అయితే నడుం నొప్పి అంటాం. దీన్ని ఏమని చెప్పుకోవాలి?

సెలవు అయిపోయి బడికి వచ్చిన మొదటి రోజే మూడో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద భాగహారాలు రాస్తున్నాను. గాలి కల్లం వైపు నుంచి ఒక్క విసురు విసిరింది. వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. మొదటి తుమ్ముకే అర్థమైంది ఏం జరిగిందో. మిగతా రెండూ దాన్ని పూర్తి చేశాయి. చప్పున వెనక్కి తిరిగి వీపు బల్లకు ఆనించి నిలబడిపోయాను. ఇక అక్కడి నుంచి కదిలితే ఒట్టు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా అలాగే నిలబడి, నోటితోనే ఒకదాని తర్వాత ఒకటి భాగహారాలు చెబుతూ పోయాను. ఒక పిల్ల లేచి, "టీచర్, పలక రెండు పక్కలా నిండిపోయింది, చెరిపెయ్యమంటారా?" అని అడిగింది. చెరిపి మళ్ళీ రాయమన్నాను. పాపం, ఆ రోజు ఆ పిల్లలు చేసినన్ని లెక్కలు ఏడాది మొత్తంలో చేసి ఉండరు.

మా బడిలో ఇద్దరమే. హెడ్మాస్టారు, నేను. బడికి మరుగుదొడ్డి లేదు. హెడ్మాస్టారికి బడి వెనక గోడ ఉంది. నాకు వీధి చివర ఒక రైతు ఇంటి దొడ్డి ఉంది, ఆ ఇంటావిడ మంచిదై తలుపు తీస్తే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళొచ్చేదాన్ని. ఇప్పుడు గంటకోసారి వెళ్ళాల్సి వస్తోంది. వారం తిరక్కుండానే హెడ్మాస్టారు పిలిచారు. మంచి మనిషే, కాని మంచితనంతో కూడా ఒళ్ళు మండించగలడు.

"ఏమ్మా టీచరుగారూ, ఇంటి మీద బెంగా? చంటిపిల్ల తల్లి కదా, అర్థం చేసుకోగలను. కానీ అస్తమానం క్లాసు వదిలేసి బయటికి పోతే ఎట్టా చెప్పండి? నేనొక్కణ్ణి ఐదు తరగతులు కాయగలనా?" అన్నారు.

బెంగేనండీ అన్నాను. ఇంకేం అనను?

అసలు కథ పురుటి దగ్గర మొదలైంది. సింగరాయకొండలో మా పుట్టింట్లో పురుడు. నొప్పులు రెండు రోజులు. పాప చాలా బరువుతో పుట్టింది, చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ మూడో నెల పిల్లలా ఉందే అని మురిసిపోయారు. ఆ బరువు ఎక్కడి నుంచి బయటికొచ్చిందో ఆలోచించిన వాళ్ళు మాత్రం ఎవరూ లేరు. మా అమ్మ పాత నేత చీర నాలుగు మడతలు పెట్టి నా నడుం చుట్టూ బిగించి కట్టింది. "కట్టకపోతే పొట్ట జారి కుండలా నిలబడిపోద్ది," అంది. నీళ్ళు కొలతగా అరగ్లాసు, అదీ కాచినవి. నెల తిరిగాక ఒకరోజు గొంతు తగ్గించి చెప్పాను, "అమ్మా, దగ్గితే పడిపోతోందే," అని. మా అమ్మ నా మొహం చూడలేదు. "పచ్చి ఒళ్ళు గదా, సర్దుకుంటది. ఆ వెల్లుల్లి ఇటివ్వు," అంది. అంతటితో అయిపోయింది ఆ సంభాషణ.

సర్దుకోలేదు. సర్దుకోకపోగా బడిలో చేరాక ఎక్కువైంది. నా తెలివి నేను ఉపయోగించాను. వదులైన దాన్ని బిగించాలి కదా అని, నడికట్టు ఇంకా గట్టిగా కట్టాను. పొద్దున్నే తలుపు గడియకు చీర కొస కట్టి, నా చుట్టూ నేనే గిర్రున తిరుగుతూ ఊపిరాడనంతగా బిగించుకునేదాన్ని. ఎంత బిగిస్తే అంత కారేది. ఎంత కారితే అంత బిగించేదాన్ని. లేచిన దగ్గర నుంచి బడి వదిలేదాకా గుక్కెడు నీళ్ళు తాగడం మానేశాను. దాంతో మూత్రంలో మంట పట్టుకుంది. ముదురు రంగు చీరలు తప్ప కట్టలేదు. పెళ్ళికి పెట్టిన లేత చీరలన్నీ పెట్టె అడుక్కి పోయాయి. మా ఆయన మార్టూరులో రాళ్ళకు పాలిష్ పెట్టే ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసేవారు. "ఏంటి, ఎప్పుడూ ఆ నల్లచీరేనా?" అన్నారోసారి. కసిరేశాను. ఎందుకు కసిరానో ఆయనకు తెలియదు, పాపం.

మధ్యాహ్నం మా అత్తగారు పాపను ఎత్తుకుని పాలకు బడికి తెచ్చేది. పది రోజులకే పసిగట్టేసింది.

"పాలు తగ్గినయ్యే అమ్మాయ్. పిల్ల లాగి లాగి ఏడుస్తోంది. ఆ ఉద్యోగం మానెయ్యి. మొగుడు తెస్తన్నాడు, తింటన్నాం, ఏం తక్కువైంది నీకు?"

మొదటిసారి నవ్వి ఊరుకున్నాను. కానీ ఆవిడ వదిలే రకం కాదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పొయ్యి దగ్గర అదే మాట, బావి దగ్గర అదే మాట. ఆఖరికి భోజనానికి ముందు చేసే ప్రార్థనలో కూడా, "ప్రభువా, ఈ బిడ్డకు ఇంటిపట్టున ఉండే మనసు దయచెయ్యి," అని కలిపేది. దేవుణ్ణి కూడా తన వైపు లాక్కుంటోందని నాకు మండిపోయేది. ఆవిడకేం, బడికీ చర్చికీ తప్ప ఎక్కడికీ కదలదు. పెళ్ళిళ్ళకు రాదు, బస్సెక్కదు. ఆదివారం చర్చిలో కూడా గుమ్మం దగ్గరి ఆఖరి చాప మీదే కూర్చుంటుంది. అందరూ పాటకు లేచినా ఆవిడ లేవదు. ఎవరన్నా ముందుకు రమ్మంటే "నాకిక్కడే గాలి," అంటుంది. ఊరు దాటని మనిషికి ఉద్యోగం విలువ ఏం తెలుసని లోలోపల ఈసడించుకునేదాన్ని.

ఆ ఉద్యోగం నాకు ఊరికే రాలేదు. మా ఇంట్లో జీతం పుస్తకంలో సంతకం పెట్టిన మొదటి ఆడదాన్ని నేను. మా అమ్మమ్మ, మా అమ్మ పత్తి చేలల్లో వంగిన నడుం ఎత్తకుండా బతికారు. నేను కుర్చీలో కూర్చుంటాను, అందరూ నన్ను టీచర్ అంటారు. అది పోతుందంటే నాకు ఊపిరి పోయినంత భయం. అయినా దాన్ని నా చేతులారా వదులుకోవడానికి సిద్ధపడ్డాను. దానికి కారణం అత్తగారి పోరూ కాదు, హెడ్మాస్టారి మాటలూ కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో రైతు ఇంటి దొడ్డి నుంచి తిరిగి వస్తుంటే, వరండాలో ఆడపిల్లలు బడి ఆట ఆడుతున్నారు. ఒక పిల్ల టీచరు. తువ్వాలు పమిటలా వేసుకుంది, చేతిలో పుల్ల. గోడ మీద ఏదో రాసింది. వెనక్కి తిరిగి "సైలెన్స్!" అంది. అచ్చం నా గొంతే. తర్వాత మొహం పైకెత్తి పెద్దగా తుమ్మింది. తుమ్మడం ఆలస్యం, రెండు కాళ్ళూ పెనవేసి, వంగి, చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకున్నట్టు నటించింది. మిగతా పిల్లలు నేల మీద పడి దొర్లి నవ్వారు. "మళ్ళీ చెయ్యవే, మళ్ళీ చెయ్యి!" అని అరిచారు. ఆ పిల్ల మళ్ళీ చేసింది.

నాకు తల తీసేసినట్టయింది. ఏమని తిట్టను? నేను చేసిందే అది చేసింది. వాళ్ళకు సంగతి తెలియదని ఇప్పుడైతే అనగలను. అప్పుడు మాత్రం ఊరంతటికీ తెలిసిపోయిందని అనుకున్నాను. ఇంటికి వెళ్ళి, ఆరోగ్య కారణాల వల్ల అని మొదలుపెట్టి రాజీనామా కాగితం రాశాను. సాయంత్రం మా ఆయనకు చూపిస్తే చదివి "నీ ఇష్టం," అన్నారు. వద్దు అంటారేమోనని చూశాను. నీ ఇష్టం అన్న మాటంత చేతకాని మాట నా జీవితంలో ఇంకోటి వినలేదు.

మర్నాడు పొద్దున్నే, పిల్లలు రాకముందే హెడ్మాస్టారి చేతిలో పెట్టేద్దామని బయలుదేరాను. కల్లం పక్కగా దారి. ఆడవాళ్ళు అప్పటికే గుట్టల చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. రంగుపోయి తెల్లబడ్డ కాయలన్నమాట. ఒక పక్క కాయను గోతాల్లోకి తొక్కుతున్నారు. ఆ దుమ్ము ఒక్కసారిగా కమ్మేసింది. తుమ్ము మీద తుమ్ము. కాగితం చేతిలోనే ఉంది, నడుముకు కట్టు బిగించి ఉంది, రెండు కాళ్ళూ పెనవేశాను. ఏదీ పని చేయలేదు. రోడ్డు పక్కన అలాగే కంప కంచె గుంజ పట్టుకుని ఏడ్చేశాను.

కల్లంలో ఒక పెద్దావిడ ఉండేది. ఏరే వాళ్ళందరికీ ముందు కూర్చునేది. లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, గోతం పట్టా మీద కూర్చోబెట్టింది. బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నా నిలబడ్డ తీరు చూసే ఆవిడకు అర్థమైపోయింది.

"కాన్పయినకాడ్నుంచేనా టీచరమ్మా?" అంది, ఏ మొహమాటం లేకుండా, అందరి ముందూ.

తలూపాను.

"అట్టా బాసింపట్టు వేస్తే ఆగుద్దా? ఇట్టా కూకోవాలి." తను కూర్చుని చూపించింది. ఒక కాలు మడిచి, ఆ మడమను సరిగ్గా కింద ఆనించి, దాని మీద బరువు మోపింది. "తుమ్మొచ్చేముందు మడమ మీద బరువెయ్యి. చూడు, అందరూ ఎట్టా కూకున్నారో."

చూశాను. గుట్ట చుట్టూ కూర్చున్న ప్రతి మనిషీ ఒక మడమ కిందికి పెట్టుకునే కూర్చుంది. ముసలివాళ్ళు, నడివయసు వాళ్ళు, నా ఈడు వాళ్ళు. మూడేళ్ళుగా రోజూ ఆ దారిన పోతూ నేను ఆ కూర్చోవడం చూస్తూనే ఉన్నాను. అది పని వాటం అనుకున్నాను. వాళ్ళు నా మొహం చూసి పకపకా నవ్వారు. "నలుగుర్ని కన్నా, నాకు ఆ మడమే దిక్కు," అంది ఒకావిడ. "ఈ సీజన్‌కి నాకు రెండు లంగాలు చాలవు," అంది ఇంకొకావిడ. నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది. ఇంతమందికి తెలుసు. ఇంతమందికి ఉంది. ఒక్కరైనా ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే నా మూడు నెలల నరకం తప్పేది కాదా?

"చేతిలో ఏంది ఆ కాగితం?" అంది పెద్దావిడ.

చెప్పాను.

"అయ్యో రాత. తుమ్ములొచ్చినయ్యని మేం కల్లం మానేశామా?" అంది. "నువ్వు నిలబడే దానివి, నీకు మడమ పనికి రాదు. నా కోడలు కూడా ఇట్టాగే ఏడిస్తే ఆసుపత్రిలో ముసలి నర్సమ్మ ఏందో నేర్పింది. పో, పోయి కనుక్కో."

కాగితం ఇవ్వలేదు. హాజరు పట్టీలో పెట్టి, ఆ రోజుకు సెలవు చీటీ రాసి, ఇంటికెళ్ళి చీర మార్చుకుని, పాపను చంకనేసుకుని బస్సెక్కాను. ఆసుపత్రి గంట దూరం. ఆ నర్సమ్మ తల నెరిసిన మనిషి, మాట కరుకు. పరీక్ష చేయబోతూ నా నడికట్టు చూసి కళ్ళద్దాలు పైకి నెట్టింది.

"ఎవరు కట్టారిది?"

"నేనే కట్టుకున్నానండి. బిగుతుగా ఉంటుందని."

"గోతాన్ని నడిమికి బిగిస్తే లోపలి సరుకు ఎటు పోతుంది? కిందికి కదా! కింద పట్టుకునే కండ అసలే సాగిపోయి ఉంటే, పైనుంచి నువ్వు తోస్తున్నావు." ఆ కట్టు తనే విప్పి చాపలా చుట్టి నా చేతిలో పెట్టింది. నీళ్ళు మానేశానంటే ఇంకో నాలుగు తిట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. మూత్రం మధ్యలో ఆపుకునేటప్పుడు ఏ కండ బిగుస్తుందో ఆ కండే. దాన్ని లోపలికీ పైకీ లాగి, ఐదు లెక్కపెట్టి, వదలాలి. పొట్ట బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. రోజుకు మూడుసార్లు, సారికి పది. తుమ్ము వస్తోందని తెలియగానే ముందే బిగించాలి. తగ్గడానికి మూడు నెలలు పట్టొచ్చు.

"మూడు నెలలా?" అన్నాను. మరి రేపు? ఎల్లుండి? అప్పటికి కల్లం ఎత్తేస్తారు కదా!

"నాలుగు రోజుల్లో సాగింది కాదు, నాలుగు రోజుల్లో బిగవదు. తిరగడం మాత్రం మానకు," అంది.

పదేసి సార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునే తీరిక బాలింతకు ఎక్కడుంటుంది? ఇంట్లో మొదలుపెడితే పాప ఏడుస్తుంది, లేదా అత్తగారు పిలుస్తుంది. అందుకని హాజరు పట్టీ పట్టుకున్నాను. ఒక్కో పేరు పిలిచి బిగించేదాన్ని. "ప్రెజెంట్ టీచర్" అని జవాబొచ్చాక వదిలేదాన్ని. మొదట్లో మూడు పేర్లకే కండ అలిసిపోయి చెప్పినట్టు వినడం మానేసేది. ఎక్కడ బిగిస్తున్నానో, అసలు బిగిస్తున్నానో లేదో తెలిసేది కాదు. పేరు పిలిచి నేను ఎటో చూస్తూ ఉండిపోతే పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారు. రెండు వారాలైనా ఏమీ మారలేదు. నాలుగు వారాలకు కొంచెం నయమనిపించింది. అంతలో జలుబు చేసి దగ్గు పట్టుకుని మొత్తం మొదటికొచ్చింది. ఆ రోజు హాజరు పట్టీ గోడకేసి కొట్టాను. లోపలి రాజీనామా కాగితం ఎగిరి పిల్లల మధ్య పడింది. ఒక పిల్ల తీసి బుద్ధిగా నా చేతికిచ్చింది. బడి ఆటలో టీచరు వేషం వేసిన పిల్లే. తీసుకుని మళ్ళీ పట్టీలోనే పెట్టాను.

రోజూ తిట్టుకుంటూనే చేశాను. నా ఒంటిని తిట్టుకున్నాను, మా అమ్మను తిట్టుకున్నాను, నల్లరేగడిలో మిరప వేసిన మొదటి రైతును కూడా తిట్టుకున్నాను. మార్చి మధ్యకు హాజరు చివరి పేరు దాకా పట్టు నిలిచేది. రైతు ఇంటికి వెళ్ళడం పూటకోసారికి తగ్గింది. ఏప్రిల్‌లో కల్లం ఎత్తేశారు. ఘాటు తగ్గింది. నాకు నిజంగా నయమైందో, ఊళ్ళో తుమ్ములు తగ్గాయో తేల్చుకోలేక అదొక చిరాకు.

అది తేలింది వేసవి సెలవుల్లో. ఏడాదికి సరిపడా కారం ఇంట్లోనే దంచుకునే వాళ్ళం. పెరట్లో పొయ్యి పెట్టి అత్తగారు మూకుడులో ధనియాలూ మిరపకాయలూ వేయిస్తోంది. నేను రోట్లో రోకలి వేస్తున్నాను. పొయ్యి మొదట రాజుకోకపోతే ఆ రాజీనామా కాగితమే తెచ్చి అంటించాను. పొగా, ఘాటూ కలిసి ముక్కు పగిలిపోతోంది. తుమ్ము వచ్చింది. బిగించాను. రెండు, మూడు, ఆరు తుమ్ములు తుమ్మాను. రోకలి వదిలి నిలబడి చూసుకున్నాను. పొడిగా ఉన్నాను. నమ్మకం చాలక మూకుడు మీదికి వంగి కావాలని ఇంకో రెండు తుమ్మాను. అప్పుడూ పొడిగానే ఉన్నాను.

"ఏందే, పిచ్చిగానీ పట్టిందా? వెతుక్కుని తుమ్ముతున్నావు?" అంది అత్తగారు. అంటూనే తనూ తుమ్మింది.

పీట మీద కూర్చుని ఉంది ఆవిడ. తుమ్మేముందు ఒక్క క్షణం పక్కకు ఒరిగి, మడిచిన కాలి మీద బరువు మోపింది. అప్పుడు చూశాను. చీర కుచ్చెళ్ళ కింద మడమ, సరిగ్గా కల్లంలో చూసిన చోటే ఉంది. ఆఖరి చాప, గుమ్మం దగ్గరి గాలి, ఎక్కని బస్సు, లేవని పాట అన్నీ ఒక్కసారే కళ్ళ ముందుకొచ్చాయి.

"ఎన్నేళ్ళ నుంచి అత్తయ్యా?" అన్నాను.

దేని గురించి అని అడగలేదు ఆవిడ. గరిటె తిప్పుతూనే, "నీ మొగుడు పుట్టినకాడ్నుంచి," అంది.

ఆయనకు అప్పటికి ముప్ఫై దాటాయి. నాకు జాలి తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. ముప్ఫై ఏళ్ళు! నన్ను ఇంట్లో కూర్చోమని దేవుడి దగ్గర కూడా పోరిందే, పక్కనే ఉండి నా చీరలు ఆరేసిందే, ఒక్క మాట చెప్పలేకపోయిందా?

"నీకూ ఉందని నాకెందుకు చెప్పలేదు?" అని అరిచినంత పని చేశాను.

అత్తగారు మూకుడు దించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది.

"నువ్వు మాత్రం నాకు చెప్పావా?" అంది.

కల్లంలో పెద్దావిడ సంగతీ, నర్సమ్మ సంగతీ, హాజరు పట్టీ సంగతీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను. నాలుగు నెలలు పక్కనే కూర్చుని అన్నం తిన్నాను, చెప్పలేదు. రోకలి గోడకు ఆనించి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, నర్సమ్మ నేర్పిందంతా చెప్పాను.

"ఇప్పుడు చేస్తే నాకు పట్టుద్దా?" అంది, పొయ్యిలోకి చూస్తూ.

పట్టొచ్చు, పట్టకపోవచ్చు, నాకు తెలియదన్నాను. ముందు ఆ మడమ తియ్యమన్నాను.